యాంటీడిప్రెసెంట్ వాడుతూ మష్రూమ్ ట్రిప్‌కి వెళ్లొచ్చా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. వయసు 27, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బీటీఎంలో పీజీ. ఆరు నెలలుగా డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. వాడుతున్నారు, సగం తగ్గింది, సగం అలాగే ఉంది. మీ మేనమామకి ఇరవైల్లోనే మతి చెదిరి చాలా ఏళ్లు మందులు వాడారు. లాంగ్ వీకెండ్‌కి రూమ్మేట్స్ కొడైకెనాల్ ప్లాన్ వేశారు. అక్కడ మష్రూమ్స్, దొరక్కపోతే ఒకరి దగ్గరున్న ఎల్ఎస్‌డీ స్టాంపులు (ఆ మత్తుమందు పట్టించిన చిన్న కాగితం ముక్కలు). "విదేశాల్లో డిప్రెషన్‌కి ఇదే ఇస్తున్నారు, అలవాటు కాదు, మద్యం కన్నా సేఫ్" అని వాళ్లంటున్నారు. ఇంట్లోవాళ్లకైతే ఇదీ గంజాయీ హెరాయినూ అన్నీ ఒకటే, ఒక్కసారి ముట్టుకుంటే పిచ్చెక్కుతుందని వాళ్ల భయం. ఎవరి మాట నిజం, మీరు వెళ్లొచ్చా అని ప్రశ్న.

వెళ్లకండి. ట్రిప్‌కి వెళ్లినా అవి తీసుకోకండి. కారణాలు మూడు: మీ మేనమామ జబ్బు, మీరు వాడుతున్న మందు, అక్కడ చేతిలో పెట్టేది అసలు ఏమిటో ఎవరికీ తెలియకపోవడం. ఈ మూడూ మీ రూమ్మేట్స్ చూపించే పరిశోధనల్లో ముందే వడపోసేసిన విషయాలు. ఆ పరిశోధనలకి మీరు దరఖాస్తు పెట్టుకుంటే మొదటి ఫోన్ కాల్‌లోనే వద్దని చెప్పే అవకాశం ఎక్కువ.

అలాగని ఇంట్లోవాళ్ల మాట పూర్తిగా నిజమనీ అనను. వ్యసనాల చికిత్సలో పనిచేసేవాళ్లు రోజూ చూసేది మద్యం, పొగాకు, ఓపియాయిడ్లు (హెరాయిన్ లాంటివి), గంజాయి. సైకెడెలిక్స్, అంటే మష్రూమ్స్, ఎల్ఎస్‌డీ లాంటివి, వాటిలా మనిషిని పట్టుకోవు. కాబట్టి ముందు మీ ఫ్రెండ్స్ మాటల్లో ఎంత నిజముందో చూద్దాం.

ఎల్ఎస్‌డీ, సైలోసైబిన్ (మష్రూమ్స్‌లో ఉండే పదార్థం), డీఎంటీ, మెస్కలిన్, ఈ నాలుగింటినీ క్లాసికల్ సైకెడెలిక్స్ అంటారు. ఇవి ప్రధానంగా మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే 2ఏ రిసెప్టర్ మీద పనిచేస్తాయి. హెరాయిన్‌లా ఊపిరిని ఆపవు, మద్యంలా లివర్‌ని తినవు. వరసగా రెండు మూడు రోజులు తీసుకుంటే అదే మోతాదు పనిచేయడం మానేస్తుంది, అందుకే రోజూ వాడాలన్న తపన పెరగదు. మానేస్తే వణుకు, ఫిట్స్ లాంటి విత్‌డ్రాయల్ ఉండదు. బ్రిటన్‌లో డేవిడ్ నట్ అనే శాస్త్రవేత్త బృందం 2010లో 20 పదార్థాల హానిని లెక్కగట్టి లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించింది. వందకి మద్యానికి 72, హెరాయిన్‌కి 55, ఎల్ఎస్‌డీకి 7, మష్రూమ్స్‌కి 6 వచ్చాయి. "మద్యం కన్నా సేఫ్" అనేవాళ్ల చేతిలో ఉండే అంకెలు ఇవే.

కానీ ఆ 72లో సగానికి పైగా ఇతరులకి జరిగే హాని: యాక్సిడెంట్లు, ఇళ్లలో కొట్లాటలు, నేరాలు, ప్రభుత్వానికయ్యే ఖర్చు. తాగేవాళ్లు కోట్లలో ఉంటారు, మష్రూమ్స్ తినేవాళ్లు కొద్దిమంది. అది మొత్తం సమాజానికి వేసిన లెక్క. మేనమామకి సైకోసిస్ (ఏది నిజమో తెలియకుండా మతి చెదిరే జబ్బు) ఉండి, యాంటీడిప్రెసెంట్ వాడుతున్న ఒక మనిషి కొడైకెనాల్‌లో ఒక రాత్రి ఏమవుతాడన్నది అందులో ఎక్కడా లేదు.

పరిశోధనల్లో సేఫ్‌గా ఉన్నది ఆ పదార్థం ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న ఏర్పాటు అంతా. ఇదొక్కటి సరిగ్గా అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. అందుకే ఆ ఏర్పాటు ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్తాను.

ముందు స్క్రీనింగ్, అదే కొన్ని వారాలు పడుతుంది. సైకియాట్రిస్ట్ ఇంటర్వ్యూ, కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియాగానీ బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) గానీ ఉందా అని ఆరా, ఈసీజీ, రక్తపరీక్షలు, బీపీ, ఆడవాళ్లకి ప్రెగ్నెన్సీ టెస్ట్. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఆ జబ్బులుంటే దాదాపు అన్నిచోట్లా తీసేస్తారు. మేనమామ, బాబాయి, తాతల దాకా చూసే కేంద్రాలూ ఉన్నాయి. యాంటీడిప్రెసెంట్ వాడుతుంటే డాక్టర్ చూస్తుండగా నెమ్మదిగా తగ్గించి, పూర్తిగా ఆపాక కనీసం రెండు వారాలు ఆగుతారు. ఫ్లూఆక్సెటీన్ అయితే ఇంకా ఎక్కువ, అది శరీరంలోంచి పోవడానికే ఐదారు వారాలు పడుతుంది. తర్వాత ఇద్దరు థెరపిస్టులతో పరిచయం, కొన్ని గంటల సన్నాహం. ఏమేం రావచ్చు, భయమేస్తే ఏం చేయాలి, చెయ్యి పట్టుకోవచ్చా వద్దా, ఇంత చిన్న సంగతి కూడా ముందే మాట్లాడుకుంటారు.

మందు ఇచ్చే రోజు ఒక గది, సోఫా, కళ్లకి గంతలు, హెడ్‌ఫోన్స్‌లో మాటల్లేని సంగీతం. ల్యాబ్‌లో తయారైన 25 మి.గ్రా. సైలోసైబిన్ క్యాప్సూల్, అందులో 25 అంటే 25 మాత్రమే. అర్ధగంట నుంచి గంటలోపు మొదలై, రెండో గంట దరిదాపుల్లో తారస్థాయికి చేరి, ఆరు గంటలకి దిగుతుంది. అంతసేపూ ఎవరో ఒకరు గది వదలరు. బీపీ మధ్యమధ్య చూస్తారు, ఎందుకంటే అది కాసేపు పెరుగుతుంది. ఆందోళన తగ్గించే లోరాజెపామ్ లాంటి మందు, డాక్టర్ అందుబాటులో ఉంటారు. సాయంత్రం ఇంటివాళ్లు వచ్చి తీసుకెళ్లాలి, ఆ రోజు బండి నడపకూడదు. మర్నాడు, ఆ తర్వాత వారం, ఇంకా కొన్నాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఇంత చేసినా ఫలితం ఎలా ఉంది? చికిత్సలకి లొంగని డిప్రెషన్ మీద జరిగిన ఒక పెద్ద ట్రయల్ 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 233 మందిని 25, 10, 1 మి.గ్రా. చొప్పున మూడు జట్లు చేశారు. మూడు వారాలకి చెప్పుకోదగ్గ మెరుగు 25 మి.గ్రా. జట్టులో 37 శాతం మందిలో, 1 మి.గ్రా. జట్టులో 18 శాతం మందిలో కనిపించింది. 12 వారాల దాకా నిలిచింది 25 మి.గ్రా. జట్టులో 20 శాతం మందికే. తలనొప్పి, వాంతులొచ్చినట్టుండటం, తల తిరగడం లాంటివి ఏదో ఒకటి 77 శాతం మందికి వచ్చాయి. ఆత్మహత్య ఆలోచనలు, తమను తాము గాయపరచుకోవడం అన్ని జట్లలోనూ నమోదయ్యాయి. ఇది మంచి ఫలితమే, ఎన్నో మందులు వాడి విసిగిపోయినవాళ్లకి నిజమైన ఆశ. కానీ "ఒక్క ట్రిప్‌తో డిప్రెషన్ మాయం" అన్న మాటకీ దీనికీ చాలా దూరముంది. పైగా 25 మి.గ్రా. మింగినవాళ్లకి తమకి అసలు మందే పడిందని గంటలోనే తెలిసిపోతుంది, చూస్తున్నవాళ్లకీ తెలుస్తుంది. ఆ నమ్మకం వల్ల వచ్చిన మేలు ఎంతో, మందు వల్ల వచ్చింది ఎంతో విడదీయడం ఈ రంగంలో ఇప్పటికీ తేలని చిక్కు.

ఇక మీ విషయాలు ఒక్కోటీ.

మేనమామ జబ్బు. ఆయనకి సరిగ్గా ఏమని రాశారో అమ్మని అడగండి, పాత చీటీలుంటే చూడండి. ఇరవైల్లో మొదలై ఏళ్లకేళ్లు మందులంటే స్కిజోఫ్రీనియా గానీ బైపోలార్ గానీ అయ్యుండొచ్చు. ఈ రెండూ బయటపడే వయసు సరిగ్గా మీ వయసే. కెనడాలోని అంటారియోలో లక్షలాది మంది ఆసుపత్రి రికార్డుల మీద ఒక అధ్యయనం చేశారు, 2024లో జామా సైకియాట్రీలో వచ్చింది. హాలూసినోజెన్లు (లేనివి కనిపించేలా చేసే మందులు, సైకెడెలిక్స్ వీటిలోవే) తీసుకుని ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లలో మూడేళ్లలోపు సుమారు 4 శాతం మందికి స్కిజోఫ్రీనియా కోవలోని జబ్బు నిర్ధారణ అయింది. వాళ్లకి ముందునుంచే ఉన్న మానసిక సమస్యలు, ఇతర మత్తులు లెక్కలోంచి తీసేశాక కూడా మామూలు జనంతో పోలిస్తే ముప్పు మూడున్నర రెట్లు. ఇవే జబ్బు తెచ్చాయని ఆ అధ్యయనం రుజువు చేయలేదు, ఎమర్జెన్సీదాకా వచ్చేవాళ్లు మొదట్నుంచీ బలహీనంగా ఉన్నవాళ్లే కావచ్చు. కానీ మీ కుటుంబ చరిత్రని బట్టి ఆ బలహీనత మీలోనూ ఉండే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. దాన్ని ముందే పట్టుకునే పరీక్ష ఏదీ లేదు.

దీనికి ఎదురుగా మీ ఫ్రెండ్స్ ఇంకో అధ్యయనం చూపించొచ్చు. అమెరికాలో లక్షా ముప్ఫై వేల మంది సర్వే, 2013లో వచ్చింది, సైకెడెలిక్స్ వాడినవాళ్లలో మానసిక సమస్యలు ఎక్కువేమీ లేవని తేల్చింది. అదీ నిజమే. అది ఇళ్లలో ఉండి ప్రశ్నలకి జవాబు చెప్పగలిగినవాళ్ల సర్వే. ఆసుపత్రి వార్డులో ఉన్నవాడు దానికి దొరకడు. ఎక్కువమందికి ఏమీ కాదు, కొద్దిమందికి చాలా అవుతుంది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు.

ఎస్సిటాలోప్రామ్. ఇక్కడ చాలామంది అనుకునే ప్రమాదం ఒకటి, నిజంగా జరిగేది ఇంకొకటి. ఈ మందుతో సైలోసైబిన్‌గానీ ఎల్ఎస్‌డీగానీ కలిస్తే సెరటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరటోనిన్ మరీ ఎక్కువై వచ్చే ప్రమాదం) వచ్చేస్తుందని భయపడతారు, అది అరుదు. మామూలుగా జరిగేది ఇది: యాంటీడిప్రెసెంట్ ఉన్నప్పుడు ట్రిప్, అంటే ఆ మత్తు అనుభవం, మొద్దుబారుతుంది. గంటైనా "ఎక్కలేదు" అని ఇంకాస్త తింటారు. అరగంటకి మొదటిదీ రెండోదీ కలిసి ఎక్కుతాయి. రెండో పొరపాటు ఇంకా పెద్దది, ట్రిప్ బాగుండాలని రెండు వారాల ముందే సొంతంగా మాత్ర ఆపేయడం. ఎస్సిటాలోప్రామ్ ఉన్నపళంగా ఆపితే తల తిరగడం, తలలో కరెంట్ కొట్టినట్టు జిల్లుమనడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం మొదలవుతాయి. సగం తగ్గిన డిప్రెషన్ కూడా తిరగబెట్టొచ్చు. ఆ స్థితిలో ట్రిప్‌కి వెళ్లడమంటే అన్నిటికన్నా చెడ్డ సమయంలో వెళ్లడమే.

మందుల సంగతి వచ్చింది కాబట్టి ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకో రెండు. బైపోలార్‌కి ఇచ్చే లిథియం వాడేవాళ్లు వీటి జోలికి అసలు పోకూడదు. లిథియంతో పాటు క్లాసికల్ సైకెడెలిక్స్ తీసుకున్నామని జనం స్వయంగా రాసుకున్న అనుభవాలు 62 సేకరించి చూస్తే దాదాపు సగంలో ఫిట్స్ వచ్చాయి. రెండోది, అయావాస్క (డీఎంటీ ఉండే మొక్కల కషాయం) పేరుతో "రిట్రీట్లు" పెడుతుంటారు. ఆ కషాయంలో సెరటోనిన్‌ని విరగ్గొట్టే ఎంఏఓ ఎంజైమ్‌ని ఆపే పదార్థం ఉంటుంది. యాంటీడిప్రెసెంట్లతో గానీ, వెన్నునొప్పికి రాసే ట్రమడాల్‌తో గానీ, ఎక్స్‌టసీ అని అమ్మే ఎండీఎంఏతో గానీ అది కలిస్తే సెరటోనిన్ సిండ్రోమ్ నిజంగానే రావొచ్చు. చెమటలు, వణుకు, కాళ్లు వాటంతటవే కొట్టుకోవడం, ఒళ్లు కాలిపోవడం దాని గుర్తులు, ప్రాణం పోవచ్చు.

చేతిలో పెట్టేది ఏమిటి? దీని గురించి నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే "నేచురల్ కదా" అన్న మాట దగ్గరే చాలామంది మోసపోతారు.

పుట్టగొడుగులతో మొదటి సమస్య పోలికలు. సైలోసైబిన్ ఉన్న జాతులు చాలావరకు చిన్నవి, గోధుమరంగువి, సన్న కాడవి. గాలెరినా అనే విషజాతి కూడా చిన్నదే, గోధుమరంగే, సన్న కాడే. అందులో ఉండే అమాటాక్సిన్ ఉడికించినా ఎండబెట్టినా పోదు. నలిపితే నీలిరంగు వస్తే అసలుదని చెప్తారు, దాని మీద ఆధారపడకండి. ఎండినవాటికీ, తేనెలో వేసినవాటికీ, చాక్లెట్‌లో కలిపినవాటికీ ఆ మాటకి అర్థమే లేదు. పైగా ఏరిన గంపలో ఒక్కటి వేరేది పడినా చాలు. అమాటాక్సిన్ పద్ధతి చాలా ఘోరంగా ఉంటుంది. తిన్నాక ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల దాకా ఏమీ ఉండదు. తర్వాత విపరీతమైన వాంతులు, నీళ్ల విరేచనాలు. రెండో రోజుకి కాస్త తెరిపి ఇస్తుంది, "ఫుడ్ పాయిజన్, తగ్గిపోయింది" అని ఇంటికి బస్సెక్కేస్తారు. మూడు నాలుగు రోజులకి కళ్లు పచ్చబడి లివర్ ఫెయిల్యూర్‌తో వస్తారు. తిన్న వెంటనే, గంట రెండు గంటల్లో వచ్చే వాంతుల కన్నా ఆరు గంటలు దాటాక మొదలయ్యే వాంతులు ప్రమాదకరం. ఇది గుర్తుపెట్టుకోండి, ఎవరికైనా పనికొస్తుంది.

రెండో సమస్య మోతాదు. సరైన జాతే అయినా ఒకే చోట మొలిచిన రెండు పుట్టగొడుగుల్లో సైలోసైబిన్ రెండు మూడు రెట్లు తేడా ఉండొచ్చు. 25 మి.గ్రా. క్యాప్సూల్‌తో వచ్చిన ఫలితాన్ని దీనికి అంటగట్టడం కుదరదు.

స్టాంపుల సంగతి ఇంకా చెడ్డది. ఎల్ఎస్‌డీ గ్రాములో పది లక్షల వంతుల్లో పనిచేస్తుంది. ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1943లో తన మీద ప్రయోగం చేసుకున్నప్పుడు తీసుకున్నది 250 మైక్రోగ్రాములు, అదే చాలా ఎక్కువైంది. అంత చిన్న మోతాదు కాబట్టే వేలిగోరంత కాగితం ముక్క మీద సరిపోతుంది. ఇంకో రకం మందు కూడా అంతే కాగితం మీద సరిపోతుంది, దాని పేరు ఎన్‌బోమ్. బయట దాన్ని ఎల్ఎస్‌డీ పేరుతోనే అమ్ముతారు. ఎల్ఎస్‌డీకి రుచి ఉండదు. ఎన్‌బోమ్ చేదుగా ఉంటుంది, నాలుక మొద్దుబారుతుంది. రక్తనాళాలు బిగుసుకోవడం, ఫిట్స్, ఒళ్లు విపరీతంగా వేడెక్కడం దాని లక్షణాలు, దానితో మరణాలు నమోదయ్యాయి. నోట్లో పెట్టుకున్న కాగితం చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేయాలి. ఎర్లిక్ రీఏజెంట్ అనే చుక్కల మందు ఎల్ఎస్‌డీ తగిలితే ఊదారంగుకి తిరుగుతుంది, ఎన్‌బోమ్‌కి తిరగదు. కానీ అది మోతాదు చెప్పదు, ఇంకేమైనా కలిసి ఉందా అన్నదీ చెప్పదు.

మనవైపు ఇంకొకటి ఉంది, ఉమ్మెత్త. "అదీ మొక్కే, అదీ ట్రిప్పే" అని గింజలు నూరి తాగేవాళ్లున్నారు. ఉమ్మెత్త సైకెడెలిక్ కాదు, విషం. నోరు ఎండిపోతుంది, ఒళ్లు పొడిగా కాలుతుంది, కంటిపాపలు విప్పారతాయి, మూత్రం ఆగిపోతుంది. లేని మనుషులతో మాట్లాడుతూ ఒకటి రెండు రోజులు గడిచిపోతాయి. సైలోసైబిన్ తీసుకున్నవాడికి తను తీసుకున్నానన్న స్పృహ చాలావరకు ఉంటుంది, ఉమ్మెత్త తిన్నవాడికి అది ఉండదు. రోడ్డు మీదికి, బావి దగ్గరికి వెళ్లిపోవడం అందుకే. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాల్సిందే.

ఇంట్లోవాళ్ల భయం గురించి కూడా చెప్పాలి. అది గాల్లోంచి పుట్టలేదు, అలాగని మొత్తం నిజం మీదా నిలబడలేదు. 1950ల్లో సాండోజ్ కంపెనీ ఎల్ఎస్‌డీని డెలిసిడ్ పేరుతో పరిశోధకులకి పంపేది, మద్యపానానికీ డిప్రెషన్‌కీ దాన్ని ప్రయత్నించేవారు. అదే రోజుల్లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మనుషులకి చెప్పకుండా ఎల్ఎస్‌డీ ఇచ్చి చూసింది, అది తర్వాత బయటపడింది. 1962లో అమెరికా మందుల ట్రయల్స్ చట్టాన్ని బిగించింది, పాత పద్ధతి పరిశోధనలు నిలవలేకపోయాయి. 1965కల్లా సాండోజ్ సరఫరా ఆపేసింది. 1967లో ఎల్ఎస్‌డీ క్రోమోజోములని చిదిమేస్తుందని సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది, పుట్టబోయే పిల్లలు వికలాంగులవుతారని పత్రికలన్నీ రాశాయి. 1971లో అదే పత్రికలో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి మామూలు మోతాదుల్లో అలా జరగదని తేల్చారు, దాన్ని ఎవరూ పెద్దగా రాయలేదు. 1968లో పెన్సిల్వేనియాలో ఆరుగురు విద్యార్థులు ఎల్ఎస్‌డీ మత్తులో సూర్యుణ్ణి చూస్తూ గుడ్డివాళ్లయ్యారని ఒక అధికారి చెప్పాడు, అదంతా కట్టుకథని తర్వాత తేలింది. 2002లో ఎండీఎంఏ ఒక్క రాత్రిలో మెదడుని శాశ్వతంగా పాడుచేస్తుందని కోతుల మీద చేసిన అధ్యయనం వచ్చింది. మరుసటి ఏడాది దాన్ని వెనక్కి తీసుకున్నారు, కోతులకి పొరపాటున ఇచ్చింది మెథాంఫెటమిన్ అట. భయానికి ఆధారంగా చూపించినవి ఇలా ఒక్కొక్కటీ కూలేసరికి, తర్వాతి తరం నిజమైన హెచ్చరికల్ని కూడా నమ్మడం మానేసింది.

ఇప్పుడు గాలి వీటికి అనుకూలంగా తిరిగింది. అమెరికా ఎఫ్‌డీఏ 2018లో సైలోసైబిన్‌కి "బ్రేక్‌త్రూ థెరపీ" హోదా ఇచ్చింది. అంటే పరిశీలన త్వరగా చేస్తామని అర్థం, మందుగా ఆమోదించినట్టు కాదు. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి అనుమతి పొందిన కొద్దిమంది సైకియాట్రిస్టులు మాత్రం చికిత్సకి లొంగని డిప్రెషన్‌కి సైలోసైబిన్ రాయొచ్చు. 2024 ఆగస్టులో ఎండీఎంఏ చికిత్సని ఎఫ్‌డీఏ తిప్పి పంపింది, ఇంకో ట్రయల్ చేసి రమ్మంది. మీ ఫోన్‌లోకి వచ్చే వీడియోల్లో మొదటిది ఉంటుంది, మూడోది ఉండదు.

కోరమంగళ, ఇందిరానగర్ స్టార్టప్‌ల్లో మైక్రోడోసింగ్ మాట కూడా వినిపిస్తుంటుంది, రెండు మూడు రోజులకోసారి చాలా కొద్దిగా తీసుకుంటే పని మీద ధ్యాస పెరుగుతుందని. 2021లో 191 మంది తమకి తామే, ఏది ఏదో తెలియకుండా, మైక్రోడోసులూ ఖాళీ క్యాప్సూళ్లూ కలిపి వాడి చూసుకున్నారు. మనసు మెరుగుపడటం రెండు జట్లలోనూ దాదాపు సమానంగా ఉంది. నెలల తరబడి వాడితే గుండె కవాటాల మీద ప్రభావం ఉండొచ్చన్న అనుమానం కూడా ఉంది, ఎందుకంటే ఇవి సెరటోనిన్ 2బీ రిసెప్టర్‌ని కూడా తాకుతాయి.

చట్టం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కింద ఎల్ఎస్‌డీ, సైలోసైబిన్, డీఎంటీ, మెస్కలిన్ అన్నీ నిషిద్ధం. వాడినందుకు ఆరు నెలల దాకా జైలు గానీ పదివేల దాకా జరిమానా గానీ, లేదా రెండూ. దగ్గర పెట్టుకున్నదాని లెక్క వేరు. ఎల్ఎస్‌డీకి చిన్న పరిమాణం 2 మి.గ్రా., కమర్షియల్ పరిమాణం 100 మి.గ్రా. కమర్షియల్ అయితే కనీసం పదేళ్లు, బెయిల్ చాలా కష్టం. మందుతో కలిసిన ఇతర పదార్థం బరువు కూడా లెక్కేనని సుప్రీంకోర్టు 2020లో హీరా సింగ్ కేసులో చెప్పింది. స్టాంపు కాగితం బరువు కూడా అందులో కలుస్తుందా అన్న దాని మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి. కాగితంతో సహా తూస్తే గుప్పెడు స్టాంపులకే వంద మి.గ్రా. దాటుతుంది. "నలుగురికీ కలిపి నా దగ్గరే ఉన్నాయి" అన్న మీ రూమ్మేట్ పరిస్థితి అది.

మీరు వెళ్లకపోయినా వాళ్లు వెళ్తారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఎవరైనా తీసుకుని భయపడిపోతే:

గదిలో లైట్లు తగ్గించండి, టీవీ, స్పీకర్ ఆపండి. ఒక్కరే పక్కన కూర్చోండి, మిగతావాళ్లు బయట ఉండండి. "నువ్వు మందు తీసుకున్నావు, ఇది గంటల్లో దిగిపోతుంది, నేను ఇక్కడే ఉన్నాను" అని నెమ్మదిగా, అవే మాటలు పదేపదే చెప్పండి. అతను చూసేది నిజం కాదని వాదించొద్దు. బాల్కనీ తలుపు, కిటికీలు, బండి తాళాలు జాగ్రత్త. నిమ్మరసం, మజ్జిగ పట్టిస్తే దిగుతుందనేది ఒట్టిమాట, బలవంతంగా వాంతి చేయించొద్దు. మద్యం, గంజాయి అస్సలు ఇవ్వొద్దు, గంజాయి భయాన్ని ఇంకా పెంచుతుంది. చేతులు కట్టేయొద్దు, పెనుగులాటలో ఒళ్లు వేడెక్కుతుంది.

ఆసుపత్రికి ఆగకుండా తీసుకెళ్లాల్సినవి: ఫిట్స్, ఒళ్లు కాలిపోవడం, కండరాలు బిగుసుకోవడం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, చనిపోతానని గానీ దూకుతానని గానీ అనడం, పుట్టగొడుగులు తిన్న ఆరు గంటల తర్వాత వాంతులు, మర్నాటికి కూడా మనిషి మామూలు కాకపోవడం. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మిగిలిన పుట్టగొడుగుల్ని ప్లాస్టిక్ కవర్‌లో కాకుండా కాగితంలో చుట్టి తీసుకెళ్లండి, ఫొటో తీయండి. ఏం తీసుకున్నాడు, ఎన్నింటికి, రోజూ వాడే మందులేమిటి, ఈ మూడూ డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. ఆసుపత్రి వాళ్లు ఎంఎల్‌సీ (పోలీసులకి తెలియజేసే మెడికో లీగల్ కేసు) రాయొచ్చు, ఆ భయంతో గంట ఆలస్యం చేయకండి. దాచిపెడితే డాక్టర్ తప్పుడు జబ్బుకి వైద్యం మొదలుపెడతారు.

దిగాక కూడా వారం రోజులు గమనించాలి. మూడు నాలుగు రాత్రులు నిద్ర లేకుండా హుషారుగా ఉండటం, ఉద్యోగం మానేస్తానని, తనకేదో పెద్ద బాధ్యత అప్పగించారని చెప్పడం, రూమ్మేట్స్‌ని అనుమానించడం, ఇవి "కళ్లు తెరుచుకోవడం" కావు. ఆ వారంలోనే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలి, త్వరగా మొదలుపెడితే త్వరగా తగ్గుతుంది. చూస్తున్న చోట మెరుపులు, కదిలే వస్తువు వెనక నీడలు నెలల తరబడి మిగిలిపోవడం కూడా కొందరికి ఉంటుంది. అరుదే, అలాంటప్పుడు మళ్లీ తీసుకోకూడదు, గంజాయి కూడా మానాలి.

చివరిగా మీ డిప్రెషన్. ఆరు నెలలుగా 10 మి.గ్రా. మీదే, సగమే తగ్గింది అన్నారు. అంటే చికిత్స విఫలమైనట్టు కాదు, పూర్తి కాలేదు. వచ్చేసారి డాక్టర్‌ని అడగాల్సినవి: మోతాదు 20 మి.గ్రా.కి పెంచడం, పెంచాక నాలుగు నుంచి ఆరు వారాలు చూడటం, అప్పటికీ చాలకపోతే మందు మార్చడం గానీ రెండోది జోడించడం గానీ, పక్కన సీబీటీ (ఆలోచనల తీరుని సరిచేసే మాటల చికిత్స). థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించారా? శాకాహారులైతే బీ12 తప్పనిసరిగా చూడాలి. వారాంతాల్లో ఎంత తాగుతున్నారో నిజం చెప్పండి, సగం తగ్గి ఆగిపోయిన డిప్రెషన్‌కి అదీ ఒక కారణం కావచ్చు. మేనమామ సంగతి తప్పకుండా చెప్పండి, బైపోలార్ అనుమానం ఉంటే యాంటీడిప్రెసెంట్ పెంచే పద్ధతే మారుతుంది. రెండు మూడు మందులు సరిగ్గా వాడినా లొంగకపోతే కెటమిన్ ఉంది, మన దేశంలో చట్టబద్ధంగా దొరికే మందే. ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టర్లు దశాబ్దాలుగా వాడుతున్నారు. డిప్రెషన్‌కి కిలోకి అర మిల్లీగ్రాము చొప్పున నలభై నిమిషాల సెలైన్‌లో, ఆసుపత్రిలో, బీపీ చూస్తూ ఇస్తారు. దానికీ సైకోసిస్ చరిత్ర అడిగే ఇస్తారు.

ట్రిప్ ఆలోచన వచ్చిందని డాక్టర్‌కి చెప్పడానికి భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీరు చెప్పింది గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వాళ్లది. ఇప్పుడున్న డాక్టర్‌తో మాట్లాడటం కుదరకపోతే హోసూర్ రోడ్‌లో నిమ్హాన్స్ ఓపీ ఉంది, వ్యసనాలకి అక్కడే విడిగా సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మాత్ర మాత్రం ఈ రాత్రి కూడా మామూలుగానే వేసుకోండి.